ఫుట్‌బాల్ అంటే ఏ ఫుట్‌బాల్?

ఎవరైనా ఫుట్‌బాల్‌ని 'సాకర్' అన్నారంటే చాలు, అమెరికా వాళ్లు ఆట పేరు కూడా పాడుచేశారని విరుచుకుపడడానికి కొందరు రెడీగా ఉంటారు. కానీ ఆ మాట పుట్టింది ఇంగ్లండ్‌లోనే! 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తడం వాళ్ల ఆటలో కుదరదంది. ఆ పద్ధతి వదలని క్లబ్బులు 1871లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టుకున్నాయి. అంటే రెండూ ఫుట్‌బాలే. తేడా తెలియాలి కదా, అందుకని అక్కడి కాలేజీ కుర్రాళ్లు ఒకదాన్ని రగ్గర్ అన్నారు, ఇంకోదాన్ని 'అసోసియేషన్' మధ్యలోంచి ఒక ముక్క లాగి సాకర్ అన్నారు.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే రగ్బీ నుంచి వచ్చిన వేరే ఆట, అందులో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. కెనడాది దానికి దగ్గరగానే ఉంటుంది గానీ, జట్టుకి 11 మంది కాదు, 12 మంది. ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఉంది, అందులోనూ చేతులు వాడొచ్చు.

అసలు తమాషా ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడ ఒకే దేశంలో జనం 'ఫుటీ' అని ముద్దుగా పిలుచుకునే ఆట ఊరిని బట్టి మారిపోతుంది. మెల్‌బోర్న్‌లో అయితే క్రికెట్ మైదానమంత గ్రౌండ్‌లో జట్టుకి 18 మంది ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్ అన్నమాట, దాని మొదటి రూల్స్ 1859లో రాశారు, అంటే లండన్ అసోసియేషన్ కంటే ముందే. అదే సిడ్నీలో ఫుటీ అంటే జట్టుకి 13 మంది ఆడే రగ్బీ లీగ్. ఈ రెండు రాజ్యాల మధ్య సరిహద్దు ఎక్కడుందో 1978లో ఇయాన్ టర్నర్ అనే చరిత్రకారుడు సరదాగా చెప్పి, దానికి రాన్ బరాసీ అనే ఆస్ట్రేలియన్ రూల్స్ ఆటగాడి పేరు పెట్టాడు. ఆ బరాసీ లైన్ అనే మాట ఇప్పటికీ వాడుకలో ఉంది.

నా మటుకు నాకు సాకర్ మంచి మాటే, ఏ ఆట గురించి మాట్లాడుతున్నామో వెంటనే తెలిసిపోతుంది. కానీ ఆస్ట్రేలియా సమాఖ్య 2005లో తన పేరులోంచి సాకర్ తీసేసి ఫుట్‌బాల్ పెట్టుకుంది, రెండేళ్లకి న్యూజిలాండ్ కూడా అదే పని చేసింది. ఇంతా చేసి ఆస్ట్రేలియా మగవాళ్ల జట్టుని ఇప్పటికీ అందరూ పిలిచేది సాకరూస్ అనే.