మొండికేసిన కాన్వాస్

మూడు నెలలు ఆ కాన్వాస్ గోడకు ఆనించే ఉంది. మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. అడుగున పసుపుమట్టి రంగు, దాని మీద నీలం, ఆ నీలం మీద ఇంకో నీలం. వెలుగు కావాలనుకున్న చోటల్లా తెల్లరంగు కలుపుతూ పోయాను. కలిపేకొద్దీ సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది.

నేను మనుషుల్ని, చెట్లని గీయను. ఒక ఆకారం, పక్కన ఇంకొకటి, రెండింటి మధ్య ఖాళీ. "ఇదేంటే?" అని అమ్మ అడిగితే, "ఏంటని చూడకు, నీ కన్ను ఎక్కడ ఆగుతోందో చెప్పు" అంటాను. ఆమె వేలు పెట్టి చూపించే చోటు మీద నాకు చాలా నమ్మకం. ఈ బొమ్మకి మాత్రం, "ఎక్కడా ఆగట్లేదే" అంది.

మాది చెన్నైలోని తిరువాన్మియూర్. ఇంజంబాక్కంలోని చోళమండలం దగ్గరే. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ గారు, ఆయన శిష్యులు కలిసి కట్టుకున్న కళాకారుల ఊరది. బాతిక్ (గుడ్డకు మైనం పూసి వేసే అద్దకం) లాంటి చేతిపనులు అమ్ముకుంటూ, ఆ ఆదాయంతో తమ బొమ్మలు తాము వేసుకున్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ధైర్యం వస్తుంది. అక్కడి శిల్పుల్లో పి.వి. జానకీరామ్ గారి పనంటే నాకు ప్రాణం. లోహపు రేకును సుత్తితో కొట్టి, దాని మీద సన్నని తీగలు అతికి చేసిన శిల్పాలు. రేకు ఎంత పలచనో, దాని మీది నీడ అంత బరువు.

అది మనసులో పెట్టుకునే మా చెన్నైలోని ప్యారిస్ కార్నర్‌లో ఒక చిన్న రాగిరేకు కొన్నాను. కింద ఇసుక సంచి వేసి, గుండ్రటి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాను. మొదటి అరగంట వెన్నలా ఒంగింది. తర్వాత సుత్తి ఎగిరిపడటం మొదలైంది. బలం పెంచాను, అంచు చీలింది.

చీలిన రేకు పట్టుకుని జార్జిటౌన్‌లో రాగిపాత్రలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మన తెలుగాయనే. వేలితో అంచు తడిమి, "మొండికేసిందమ్మా. అలాంటప్పుడు కొట్టకూడదు, కాల్చాలి" అన్నారు.

"కాలిస్తే గట్టిపడదా బాబాయ్?"

"ఇనప ఉలి అయితే గట్టిపడుద్ది. రాగి తీరు వేరు."

దెబ్బలు తినేకొద్దీ రాగి బిరుసెక్కుతుంది. ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. ఆయనే కాల్చి ముంచారు. నల్లగా పట్టిన పొరను చింతపండు పులుసుతో రుద్దితే లోపలి రాగి గులాబిరంగులో బయటపడింది. ఆ రంగు చూసి కాసేపు నాకు మాట రాలేదు.

జానెడు శిల్పం పూర్తవడానికి ఆ రేకును ఆరుసార్లు కాల్చాల్సి వచ్చింది. కిటికీలో పెడితే సొట్ట సొట్టలోనూ వెలుగు నిలబడింది. అక్కడ నేను ఏ తెలుపూ కలపలేదు. ఉన్నదాన్ని నొక్కాను, పైపొర రుద్దాను, అంతే.

ఆ సాయంత్రమే కాన్వాస్‌ని కిందికి దించాను. ఫ్రేము కర్రలు అచ్చు పడకుండా వెనక అట్ట పెట్టి, నాలుగొందల నంబర్ వాటర్ పేపర్, అంటే నీళ్లతో వాడే గరుకు కాగితం, తడిపి రుద్దాను. యాక్రిలిక్ రంగు కదా, నెలల కిందటే బాగా ఆరిపోయింది, పెచ్చులుగా ఊడిరాలేదు. పైనున్న సున్నపు తెలుపు పాలనీళ్లలా కారిపోయింది. తర్వాత నీలం పలచబడింది. ఒకచోట అడుగునున్న పసుపుమట్టి రంగు గోరంత బయటికి వచ్చింది. చెయ్యి వణికింది, ఇంకొక్క రుద్దు ఎక్కువైతే గుడ్డ తేలుతుంది. అక్కడ ఆపి పక్కకు జరిగాను. రాత్రి పదకొండింటికి చూస్తే ఆ పసుపు చుట్టూ నీలమంతా కదులుతున్నట్టుంది.

పొద్దున్నే అమ్మ కాఫీ తెచ్చి, బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. అడగకుండానే ఆ పసుపు మీద వేలు పెట్టింది. తర్వాత ఎడమ మూల చూపించి, "ఇక్కడ కూడా కొంచెం తియ్యొచ్చేమోనే" అంది.

ఆ మూల ఇంకా ముట్టుకోలేదు. ఆదివారం దాకా రోజూ కాసేపు చూస్తాను.