బోరులో బ్యాక్టీరియా పోస్తే యురేనియం పోతుందా?

యురేనియాన్ని తిని మాయం చేసే బ్యాక్టీరియా ఏదీ లేదు. ఇది ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే పరకాల నుంచి మా మేనమామ, బ్యాక్టీరియా పొడి పోస్తే బోరు నీళ్లలో యురేనియం పోతుందని చెప్పే వాట్సాప్ వీడియో ఒకటి పంపి, "బిడ్డా, గా పొడి మన బోర్ల పోస్తె అయితదా?" అని అడిగాడు. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్తాను కదా, ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి.

వీడియోలో సగం నిజమే. జియోబాక్టర్ అనే సూక్ష్మజీవి ఉంది. మనం తిన్నదాంట్లోంచి వచ్చే ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కు అప్పగిస్తాం. భూమి అడుగున గాలి ఆడనిచోట దీనికి ఆ సౌకర్యం లేదు. అందుకే ఇనుముకు అప్పగిస్తుంది, యురేనియం దొరికితే దానికీ ఇస్తుంది. రెండు ఎలక్ట్రాన్లు అందితే నీళ్లలో కరిగి తిరిగే యురేనియం కరగని రూపానికి మారి మట్టిలో నిలిచిపోతుంది. అమెరికా మైక్రోబయాలజిస్టు డెరెక్ లవ్లీ బృందం 1991లోనే ఈ సంగతి చూపించింది. రేడియోధార్మికత మాత్రం రవ్వంత కూడా తగ్గదు.

అమెరికాలో, కొలరాడోలోని రైఫిల్‌లో యురేనియం ఖనిజాన్ని శుద్ధి చేసిన ఒక పాత మిల్లు స్థలం ఉంది. 2002లో అక్కడ నేలలోకి పంపింది బ్యాక్టీరియాను కాదు, అసిటేట్‌ను, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం తాలూకు లవణాన్ని. జియోబాక్టర్ అప్పటికే అక్కడ ఉంది, దానికి తిండి పెట్టారంతే. 50 రోజుల్లో కొన్ని బావుల్లో యురేనియం నిర్ణీత స్థాయి కంటే కిందికి దిగింది. ఆ తర్వాత సల్ఫేట్ వాడుకునే వేరే బ్యాక్టీరియా పెరిగి అసిటేట్‌ను కాజేసింది, యురేనియం మళ్లీ పెరిగింది! నాకు ఈ ప్రయోగంలో బాగా నచ్చేది ఈ రెండో సగమే. వీడియోలో అది లేదు మరి.

ఇక మామ బోరు. చుట్టూ పత్తి, మిర్చి చేలు, బస్తాలకు బస్తాలు యూరియా. అందులోంచి వచ్చే నైట్రేట్ నీళ్లలోకి దిగితే, నిలిచిపోయిన యురేనియం మళ్లీ కరిగిపోవచ్చు. గాలి తగిలినా అంతే. పైగా అసిటేట్ పోసిన బోరు నీళ్లు తాగేదెవరు?

అందుకే ముందు ల్యాబ్‌లో యురేనియం టెస్ట్ చేయించమన్నా. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటితే తాగే నీళ్లకు ఆర్వో పెట్టించుకోవాలి. అది వదిలే నీళ్లను మాత్రం బర్రెల తొట్టిలోకి మళ్లించొద్దని చెప్పా, వడకట్టిన యురేనియమంతా అందులోకే పోతుంది.