మార్పు పక్కన కారణం

మన కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో రికార్డు రాయడానికి ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. క్రితం వారం రాసిన ప్రోగ్రామును సవరించినప్పుడు దాన్ని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ రాయడానికి మా ల్యాబ్ మాస్టారు ఒప్పుకునేవారు కారు. పాత ఫైలునూ కొత్త ఫైలునూ, రెండింటిని పోల్చి చూసే డిఫ్ అనే ప్రోగ్రాముకు ఇచ్చి, అది చూపిన తేడాలను మాత్రమే రికార్డులోకి ఎక్కించి, మారిన ప్రతి వరుసకూ పక్కన కారణం రాయమనేవారు. కారణం రాయలేకపోతే, ప్రోగ్రాము సరిగ్గా నడిచినా సరే, ఆ మార్పును ఎర్ర సిరాతో కొట్టివేసేవారు. ఆ రోజుల్లో అది మార్కుల కోసం చేసిన పని. ఉద్యోగంలో కుదురుకున్నాక, యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టంలలోని కమాండ్ లైన్ యుటిలిటీలకు, అంటే ఆజ్ఞలు టైపు చేసి నడిపే చిన్న ప్రోగ్రాములకు, ప్యాచ్‌లు అనే సవరణలు రాసి పంపడం నాకు ఎంతో ఇష్టమైన వ్యాసంగమయింది. ఆ పనిలో నాకు నేటికీ అన్నింటికన్నా ఎక్కువగా ఉపయోగపడుతున్నది ఆ రికార్డు పద్ధతే కనుక, ఈ సంచికలో దాని గురించే రాస్తున్నాను.

ప్యాచ్ అంటే ఒక సోర్స్ ఫైలుకూ దాని సవరించిన రూపానికీ మధ్య ఉన్న తేడాయే. బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ రూపొందించిన డిఫ్ 1974లో యూనిక్స్ ఐదో ఎడిషన్‌తో పాటు వచ్చింది. ఆ తేడాను తీసుకుని అవతలివారి ఫైలులో తిరిగి అమర్చే ప్యాచ్ అనే ప్రోగ్రామును లారీ వాల్ 1985లో విడుదల చేశారు. మారిన వరుసలతో పాటు వాటికి ముందూ వెనుకా ఉన్న కొన్ని వరుసలను కూడా చూపే యూనిఫైడ్ డిఫ్ రూపం 1990లో వచ్చింది. ఆ ఇరుగుపొరుగు వరుసల వల్ల, అసలు ఫైలు ఈలోగా కొంత మారినా ప్యాచ్ తన చోటును వెతుక్కోగలుగుతుంది. చదివే మనిషికి కూడా మార్పు ఏ సందర్భంలో జరిగిందో అక్కడికక్కడే తెలుస్తుంది. 2005లో సోర్స్ ఫైళ్ల మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ వచ్చాక పంపే పద్ధతులు మారాయి గానీ, చివరికి రివ్యూ చేసేవారి కళ్ల ముందు నిలిచేది నేటికీ ఆ డిఫ్ రూపమే.

ఎల్ఎస్, సార్ట్, కట్, గ్రెప్, హెడ్, డబ్ల్యూసీ వంటి యుటిలిటీలు దేనికది చిన్న ప్రోగ్రామే. అయితే 1973లో యూనిక్స్‌కు పైపులు చేరిన నాటి నుంచి ఒకదాని అవుట్‌పుట్ మరొకదానికి ఇన్‌పుట్ అవుతూ వస్తోంది. మనిషి చదువుకోవడానికని ముద్రించిన వరుసను ఎక్కడో ఒక షెల్ స్క్రిప్టు (కమాండ్లను వరుసగా రాసి పెట్టిన ఫైలు) ఖాళీల దగ్గర విడగొట్టి అందులోని మూడో పదాన్ని తీసుకుంటూ ఉండవచ్చు. ఆ స్క్రిప్టు ఎవరు రాశారో మనకు తెలియదు, మనం చేసే మార్పు సంగతి వారికీ తెలియదు. వెతికిన మాట దొరకకపోతే గ్రెప్ ఎగ్జిట్ స్టేటస్ (ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే ఫలిత సంఖ్య) 1గానూ, లోపమే ఎదురైతే అంతకన్నా పెద్ద సంఖ్యగానూ ఉండాలని, యూనిక్స్ తరహా సిస్టంలకు ఉమ్మడి నియమాలు నిర్దేశించే పోసిక్స్ ప్రమాణం చెబుతుంది. ఎన్నో స్క్రిప్టులు ఆ తేడా మీద నమ్మకంతోనే తదుపరి అడుగు వేస్తాయి. అందువల్ల ఈ యుటిలిటీలలో ఒక ఎర్రర్ సందేశాన్ని సరిదిద్దడానికైనా, ఒక ఖాళీని తొలగించడానికైనా, దాని మీద ఎవరెవరు ఆధారపడి ఉంటారో ముందుగా ఆలోచించాలి.

నేను తొలినాళ్లలో పంపిన ప్యాచ్‌లు ఎక్కువగా ఆప్షన్లతో వచ్చే సంఖ్యలను చదివే చోట్లకు సంబంధించినవి. పాత సీ కోడ్‌లో ఇందుకు ఏటుఐ అనే ఫంక్షన్‌ను వాడేవారు. ఆ ఫంక్షన్ సంఖ్య కాని మాటకు సున్నా ఇస్తుంది, 12 అనే సంఖ్య పక్కన అక్షరాలు అంటుకుని ఉన్నా నిశ్శబ్దంగా 12 ఇస్తుంది, పట్టలేనంత పెద్ద సంఖ్య ఇస్తే ఏమవుతుందో సీ ప్రమాణమే నిర్దేశించలేదు. దానికన్నా జాగ్రత్తగా చదివే ఫంక్షన్లు ఉన్నా వాటిని సరిగ్గా వాడాలంటే మూడు నాలుగు పరీక్షలు వరుసగా రాయాలి, అందులో ఒకటి మరిచిపోవడం చాలా సులభం. 2004లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం 3.6తో వచ్చిన స్ట్ర్‌టోనమ్ ఫంక్షన్ ఈ చిక్కును తేలిక చేసింది: కనిష్ఠ, గరిష్ఠ విలువలను మనమే ఇస్తాం, ఆ హద్దులు దాటినా, సంఖ్య కాకపోయినా, ఏమి తప్పో చెప్పే చిన్న మాట తిరిగి వస్తుంది. ఈ మార్పు డిఫ్‌లో నాలుగైదు వరుసలకు మించదు. కానీ దాని పక్కన రాయవలసిన కారణం అంతకన్నా పెద్దది. ఇంతకాలం అంగీకరించిన ఏదో ఒక రూపాన్ని, ఉదాహరణకు సంఖ్య చివర ప్రమాణాన్ని సూచించే అక్షరాన్ని, ఇక మీదట తిరస్కరిస్తున్నామా? తిరస్కరిస్తే మాన్యువల్ పేజీ ఆ రూపాన్ని ఎప్పుడైనా వాగ్దానం చేసిందా? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడానికి పట్టే కాలం కోడ్ రాయడానికి పట్టే కాలం కన్నా ఎప్పుడూ ఎక్కువే.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది అవుట్‌పుట్ రాయడంలో వచ్చే లోపాల మీద అని నా దృఢమైన అభిప్రాయం. సీ ప్రోగ్రాము ఒక వరుసను ముద్రించమని చెప్పగానే అది డిస్కుకు చేరదు. ముందు బఫర్ అనే తాత్కాలిక నిల్వలోకి వెళ్లి, ఆ బఫర్ నిండినప్పుడో, ప్రోగ్రాము ముగిసేటప్పుడో ఆపరేటింగ్ సిస్టం కేంద్ర భాగమైన కెర్నెల్ చేతికి అందుతుంది. డిస్కులో చోటు లేదన్న సంగతి బయటపడేది ఆ క్షణంలోనే. ప్రోగ్రాము దాన్ని పరిశీలించకుండా వెళ్లిపోతే, ఫైలు సగమే ఉంటుంది, ఎగ్జిట్ స్టేటస్ మాత్రం అంతా సవ్యమని చెబుతూ సున్నా ఉంటుంది. ఒక ఫైలును వడపోసి కొత్త ఫైలుగా రాసి, ఆ పని సవ్యంగా ముగిస్తేనే పాత ఫైలును తొలగించే స్క్రిప్టును ఊహించండి. దాన్ని రాసినవారు ఎంతో జాగ్రత్తగా షరతు పెట్టుకున్నారు, అయినా యుటిలిటీ అబద్ధపు సున్నా ఇచ్చినందువల్ల పాత ఫైలూ పోతుంది, కొత్తదీ పూర్తిగా ఉండదు. ప్రాథమిక యుటిలిటీల సముదాయమైన గ్నూ కోర్‌యుటిల్స్‌లోని ప్రోగ్రాములు ముగిసే ముందు అవుట్‌పుట్‌ను మూసి, లోపం ఉంటే చెప్పి, సున్నా కాని స్టేటస్ ఇవ్వడానికి ఒక ఉమ్మడి ఫంక్షన్ ఉంది. అటువంటి ఏర్పాటు లేని చిన్న ప్రోగ్రాములు ఇతర చోట్ల ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. వీటిని పట్టుకోవడానికి లినక్స్‌లో డెవ్ ఫుల్ అనే పరికర ఫైలు ఉంది. దానిలోకి ఏమి రాయబోయినా చోటు లేదనే జవాబే వస్తుంది. యుటిలిటీ అవుట్‌పుట్‌ను అందులోకి మళ్లించి ఎగ్జిట్ స్టేటస్ చూస్తే చాలు, నిజం తెలిసిపోతుంది.

ఇటువంటి ప్యాచ్‌కు, ప్రోగ్రామును నిర్వహించే మెయింటెయినర్ల నుంచి వచ్చిన ఒక ప్రశ్న చాలా విలువైనది. పైపుకు అవతలి వైపున ఉన్న, మొదటి కొన్ని వరుసలనే చూపే హెడ్ తనకు కావలసిన పది వరుసలు తీసుకుని ముందే వెళ్లిపోతే, మీ కొత్త పరీక్ష దాన్ని కూడా లోపంగా చూపి తెర మీద అనవసరమైన సందేశం ముద్రిస్తుందా అని వారు అడిగారు. సాధారణంగా చదివేవారు లేని పైపులో రాసిన ప్రోగ్రామును కెర్నెల్ పంపే సిగ్నలే మౌనంగా ముగించేస్తుంది, కనుక మన పరీక్ష దాకా వ్యవహారం రానే రాదు. ఆ సిగ్నల్‌ను పట్టించుకోవద్దని ముందుగా ఏర్పాటు చేసుకున్న చోట్ల మాత్రమే సందేశం కనిపిస్తుంది. ఈ వివరణను ప్యాచ్‌తో పాటు రాసి, ఆ రెండు సందర్భాలకూ రిగ్రెషన్ టెస్టులు, అంటే సరిగ్గా ఉన్న ప్రవర్తన చెడలేదని చూసే పరీక్షలు, జోడించాను. రివ్యూను అడ్డంకిగా భావించేవారు ఉంటారు. నాకు మాత్రం ల్యాబ్ వైవాలో మాస్టారు అడిగిన ప్రశ్నల స్థాయి సంభాషణ ఆ తరువాత దొరికింది రివ్యూలలోనే.

ఈ యుటిలిటీలు ఎంత గట్టివని అనుకున్నా, పాఠం నేర్పిన ఒక ఉదంతాన్ని మన విద్యార్థులు తెలుసుకోవాలి. 1988లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు బార్టన్ మిల్లర్ ఉరుములూ వానా ఉన్న ఒక రాత్రి టెలిఫోన్ లైను ద్వారా యూనిక్స్ యంత్రం మీద పనిచేస్తున్నప్పుడు, లైనులో చొరబడిన చెత్త అక్షరాల వల్ల మామూలు ప్రోగ్రాములు కుప్పకూలడం గమనించారు. దాన్నే తరగతి ప్రాజెక్టుగా విద్యార్థులకు ఇచ్చారు. యాదృచ్ఛిక అక్షరాలను తినిపించినప్పుడు పరీక్షించిన యుటిలిటీలలో దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు దాకా కూలిపోయాయో వేలాడిపోయాయో అని 1990లో వారు ప్రచురించారు. నేడు ఫజింగ్ అని పిలిచే పరీక్షా విధానానికి ఆ పేరు వచ్చినది అక్కడి నుంచే. ఒక తరగతి గదిలో విద్యార్థులు చేసిన పని ఇంత దూరం వెళ్లిందన్న సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ఉత్సాహాన్నిస్తుంది.

తెలుగువారిగా మనకు మరింత దగ్గరి విషయం అక్షరాల లెక్క. తెలుగు అనే మాటను, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే 18 బైట్లవుతుంది, యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలవుతుంది, మన కంటికి మూడు అక్షరాలు. లెక్కలు చెప్పే డబ్ల్యూసీని బైట్లు అడిగితే 18 అనాలి, క్యారెక్టర్లు అడిగితే 6 అనాలి. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన ఈ యూటీఎఫ్-8లో ఒక గొప్ప సౌలభ్యం ఉంది: ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు ఉండే పాత ఆస్కీ అక్షరాల బైట్లు మరే అక్షరం నడుమా కనిపించవు. కాబట్టి కొత్త వరుస దగ్గరో, ఏటవాలు గీత దగ్గరో విడగొట్టే ప్రోగ్రాములకు ఏ మార్పూ అక్కరలేదు. ఫైలును ఉన్నది ఉన్నట్టు అవతలికి పంపే క్యాట్‌కు తెలుగు తెలియనవసరమే లేదు. అక్షరాలను లెక్కించే, కోసే, తిరగవేసే, నిలువు వరుసల్లో సర్దే ప్రోగ్రాములకే ప్యాచ్ కావాలి. గ్నూ వారి కట్ ఎన్నో ఏళ్ల పాటు క్యారెక్టర్లు అడిగినా బైట్లనే కోసేది, దానితో మన గుణింతాలు ముక్కలై ప్రశ్నార్థకాలుగా మారేవి.

ఇక్కడ పని కష్టమయ్యేది చెడిపోయిన ఇన్‌పుట్ దగ్గర. యూనిక్స్‌లో ఫైలు పేరులో ఏటవాలు గీత, సున్నా బైటు తప్ప ఏ బైట్లైనా ఉండవచ్చు. అవి సరైన యూటీఎఫ్-8 కావాలన్న నిబంధన ఏదీ లేదు. చెల్లని బైటు ఎదురైనప్పుడు ఆగిపోవాలా, దాన్ని ఒక అక్షరంగా లెక్కించి ముందుకు సాగాలా, అలాగే అవతలికి పంపాలా? వడపోత ప్రోగ్రాము తనకు అర్థం కానిదాన్ని మార్చకుండా అవతలికి దాటించాలన్నదే నా పక్షం, ఎందుకంటే వాడుకరి డేటాను పారవేసే హక్కు యుటిలిటీకి లేదు. కేవలం ఆస్కీ ఉన్న పెద్ద ఫైళ్ల మీద ప్రోగ్రాము వేగం తగ్గకూడదు, కనుక ఆ దారిని విడిగా ఉంచి, కొలిచిన ఫలితాలను ప్యాచ్ వివరణలోనే రాయాలి.

వివరణ రాసే తీరు కొద్ది కాలంలోనే అలవాటవుతుంది: ఇంతవరకు ఏమి జరిగేది, అది ఎందుకు సరికాదు, ఇప్పుడు ఏమి జరుగుతుంది. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి. ఖాళీలూ ట్యాబులూ సర్దిన వరుసలు అసలు మార్పుతో కలిసిపోతే చదివేవారికి రెండూ కనబడవు. ప్రవర్తన మారితే మాన్యువల్ పేజీ కూడా అదే ప్యాచ్‌లో మారాలి. ఇక కొత్త ఆప్షన్లను చేర్చే ప్యాచ్‌లను మెయింటెయినర్లు తరచుగా నిరాకరిస్తారు, అందులో నేను వారితో ఏకీభవిస్తాను. క్యాట్‌కు అదనపు ఆప్షన్లు తగిలించడాన్ని రాబ్ పైక్ 1983లోనే తీవ్రంగా విమర్శించారు. ఒకసారి చేర్చిన ఆప్షన్‌ను ఏ స్క్రిప్టు పట్టుకుని కూర్చుంటుందో తెలియదు కాబట్టి దాన్ని మళ్లీ తీసివేయడం దాదాపు అసాధ్యం. పైపుతో కలిపి రెండు ప్రోగ్రాములు చేయగలిగిన పనికి కొత్త ఆప్షన్ అడగకూడదు.

ఈ మధ్య నేను పనిచేస్తున్నది ఫోల్డ్ మీద, అంటే పొడవైన వరుసలను ఇచ్చిన వెడల్పుకు విరిచే ప్రోగ్రాము మీద. బైట్ల ఆప్షన్ ఇవ్వనప్పుడు అది తెర మీది నిలువు గడులను లెక్కించాలని పోసిక్స్ చెబుతుంది. గుణింతపు గుర్తు తన హల్లు నుంచి విడిపోయి కింది వరుసకు జారకుండా చూడడం మొదటి ప్యాచ్. కానీ స్త్రీ వంటి సంయుక్తాక్షరంలో ఆరు సంకేతాలు ఉంటాయి. పొల్లు గుర్తు తరువాత వరుస విరిగితే గడుల లెక్క తప్పదు గానీ అక్షరం రెండు చోట్ల పడి చదవడానికి పనికిరాకుండా పోతుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఇటువంటి సంయుక్తాక్షరాలను నడుమ విడగొట్టకూడదనే నియమాన్ని తెలుగుతో సహా కొన్ని లిపులకు చేర్చింది. దాన్ని పాటించాలంటే ఫోల్డ్ ఒక్కదానిలో కోడ్ రాస్తే సరిపోదు, అన్ని యుటిలిటీలూ వాడుకునే లైబ్రరీలో ఆ జ్ఞానం ఉండాలి. అందువల్ల దాన్ని రెండో ప్యాచ్‌గా వేరు చేసి, మొదటిదాన్ని ముందుగా పంపాను. లైబ్రరీలో మార్పుకు కారణాన్ని ఇప్పుడు రాస్తున్నాను, మెయింటెయినర్లు తప్పక అడగబోయే కన్నడ, మలయాళ, దేవనాగరి ఉదాహరణలను కూడా దానిలో చేర్చుతున్నాను. ఆ లిపులు బాగా తెలిసిన మన పూర్వ విద్యార్థులు ఎవరైనా ముందుకు వచ్చి పరీక్షకు పదాలు ఇస్తే, వాటిని టెస్టులలో పెడతాను.