హుక్కు దేనికి తగిలించాలి? పైకప్పు పనికి అనుమతి సిద్ధం చేసిన అనుభవం

విశాఖ తీరానికి దగ్గరలో ఉన్న మా కర్మాగారంలో ఒక పాత షెడ్డు సిమెంటు రేకులు మార్చవలసి వచ్చినప్పుడు, భద్రతా విభాగం తరఫున ఎత్తు పని అనుమతి పత్రాన్ని సిద్ధం చేసే బాధ్యత నాకు అప్పగించారు. కాంట్రాక్టరు ఇచ్చిన కాగితాల్లో ఒంటికి కట్టుకునే పట్టీల హార్నెస్‌ల గురించి, వాటిని ఆధారానికి కలిపే రెండు హుక్కుల తాళ్ల (లాన్యార్డుల) గురించి ఎంతో వివరంగా ఉంది. ఆ హుక్కులను దేనికి తగిలిస్తారన్న చోట మాత్రం ‘అనువైన నిర్మాణానికి’ అని రాసి సరిపెట్టారు. మిగతా కాగితాలన్నీ ఒక ఎత్తు, ఆ రెండు మాటలు ఒక ఎత్తు.

మేస్త్రీతో కలిసి షెడ్డంతా తిరిగాను. ‘ఎప్పుడూ ఇక్కడే వేస్తాం సార్’ అంటూ ఆయన చూపినవి రేకులను మోసే పర్లిన్లు, కేబుల్ ట్రే, ఒకచోట అగ్నిమాపక నీటి గొట్టం. ఎనభై కిలోల మనిషి నిలకడగా వేలాడితే పడే బలం 0.8 కిలోన్యూటన్లే, అదే మనిషి జారిపడి ఆగే క్షణంలో, సాగుతూ కుదుపును తగ్గించే షాక్ అబ్జార్బర్ సరిగా పనిచేసినా, అది 6 కిలోన్యూటన్ల దాకా పోవచ్చు. అందుకే యూరప్ ప్రమాణం ఈఎన్ 795 లోహపు యాంకర్ (హుక్కును తగిలించే ఆధారం) పరికరం 12 కిలోన్యూటన్లను 3 నిమిషాలు తట్టుకోవాలంటుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన మనిషికి 22.2 కిలోన్యూటన్లు అడుగుతుంది. లేదా అర్హుడైన నిపుణుడి పర్యవేక్షణలో కనీసం రెండింతల భద్రతతో మొత్తం వ్యవస్థను రూపొందించమంటుంది. వేలాడే పని వేదికను మోసే యాంకర్‌కే మనిషి హుక్కును కూడా తగిలించకూడదన్నది అందులోని మరో షరతు.

స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి పాత డ్రాయింగులు చూసి ఊరుకోలేదు. ఉప్పుగాలికి ఇనుము ఎంత తినేసిందో గేజీతో కొలిపించి, పైకప్పును మోసే ఇనుప చట్రమైన ట్రస్సులో కడ్డీలు కలిసే కీళ్ల దగ్గర మాత్రమే యాంకర్లకు ఒప్పుకొని, పర్లిన్లను పూర్తిగా తోసిపుచ్చారు. కొలవకుండా ‘గట్టిగానే ఉంది’ అనే మాటకు ఈ పనిలో విలువ లేదని నా అభిప్రాయం.

ఎక్కువ సమయం పట్టింది రెండు ట్రస్సుల మధ్య అడ్డంగా కట్టే లైఫ్‌లైన్, అంటే పనివాళ్లు హుక్కులు తగిలించుకునే తీగ, విషయంలో. తీగ వేలాడకుండా బిర్రుగా లాగితేనే మంచిదని పనివాళ్లందరూ అనుకుంటారు, నిజానికి లెక్క దీనికి తలకిందులు. మనిషి పడ్డప్పుడు తీగ మధ్యలో కుంగి రెండు వైపులా 30 డిగ్రీల వాలు వస్తే ఒక్కో చివర మీద పడే లాగుడు మనిషి పడి ఆగేటప్పటి బలానికి సమానంగా ఉంటుంది. వాలు 5 డిగ్రీలే అయితే అది దాదాపు ఆరింతలవుతుంది. అలాగని వదులుగా కడితే మనిషి మరింత కిందికి జారతాడు. చివరికి, తీగలోనే శక్తిని మింగే పరికరం ఉన్న, తయారీదారు లెక్కల పత్రంతో వచ్చిన వ్యవస్థకే ఇంజనీరు సంతకం చేశారు. ఒక్కో విభాగానికి ఇద్దరే అన్న పరిమితి కూడా ఆ లెక్కల నుంచే వచ్చింది.

అంచుదాకా చేరనివ్వని పొట్టి తాడు చాలదా అని ఒకరు అడిగారు. సిమెంటు రేకు కాలి కిందే విరుగుతుంది కాబట్టి, ఇక్కడ అంచు ఒక్కటే ప్రమాద స్థలం కాదు. అందుకే రేకుల మీద నడక పలకలు, కింద వల కూడా అడిగాం.

మెజనైన్ (షెడ్డు లోపలి మధ్య అంతస్తు) ఉన్న భాగంలో మరో చిక్కు ఎదురైంది. 2 మీటర్ల లాన్యార్డు, 1.75 మీటర్ల దాకా సాగే అబ్జార్బర్, హార్నెస్ వెనుక రింగు నుంచి పాదాల వరకు 1.5 మీటర్లు, అదనంగా ఒక మీటరు మిగులు కలిపితే యాంకర్ కింద 6.25 మీటర్ల ఖాళీ కావాలి. లైఫ్‌లైన్ కుంగుబాటు అదనం. అక్కడున్నది సుమారు 5 మీటర్లే. ఎంత బలమైన యాంకర్ ఉన్నా మనిషి ఆగేలోపే నేలను తాకుతాడు. ఆ భాగం వరకు పైనుంచి పని మానేసి, మెజనైన్ మీద పరంజా కట్టి కిందినుంచే రేకులు విప్పాలని నిర్ణయించాం.

వేలాడుతున్న మనిషిని త్వరగా దించకపోతే పట్టీల బిగువు వల్ల రక్తప్రసరణ దెబ్బతింటుంది. కాబట్టి దించే సామగ్రి, దాన్ని వాడడం తెలిసిన మనుషులు పని చోటే ఉన్నారని చూశాకే అనుమతిపై నేను సంతకం చేశాను. ఆమోదం పొందిన ప్రతి యాంకర్‌కూ సంఖ్య, తనిఖీ తేదీ, ఎంతమందికి సరిపోతుందన్న వివరం ఉన్న పలక కట్టించాం. ఎవరైనా పడిన బరువు ఒక్కసారి తగిలినా, ఇంజనీరు తిరిగి పరీక్షించేదాకా ఆ యాంకర్ పలక తీసేయాలన్నది అనుమతి పత్రంలో చేర్చిన చివరి షరతు.