ఫిర్యాదులో ఆ ఒక్క వాక్యం రాయనన్నాను

మా మేనకోడలు పోయి ఏడాది దాటింది. పదిహేనేళ్ల పిల్ల, పదో తరగతి. క్రిస్మస్ సెలవులకు అక్కా బావా పిల్లలిద్దరినీ తీసుకుని ఖమ్మం నుంచి అరకు వెళ్లారు. అక్కడ ఒక హోమ్‌స్టేలో సాయంత్రం స్నానానికి వెళ్లింది. అందరూ బయట చలిమంట దగ్గర ఉన్నారు. ఎంతకీ రాకపోయేసరికి అక్క వెళ్లి తలుపు కొట్టింది. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప పలుకు లేదు. బావా, కారు డ్రైవరూ కలిసి తలుపు విరగ్గొట్టారు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం పోయిందన్నారు.

ఇలాంటిది ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం ఇంట్లో ఒకరు ఏడుపు పక్కన పెట్టి కాగితాల పని చూడాలి. నేను రాజమండ్రిలో ఉంటాను, అందరికంటే దగ్గర. ఆ పని నాకు పడింది.

తెల్లవారుజామున నేను చేరేసరికి బావ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి కర్చీఫ్ కట్టుంది, రక్తం ఇంకి గట్టిపడింది. తలుపు గడియ గీసుకుందట. ఒక కానిస్టేబుల్ నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. పాప నుదుటి మీద కమిలిన దెబ్బ ఉంది. మధ్యాహ్నం ఫోన్ విషయంలో తండ్రీ కూతుళ్లకు గొడవైందని హోమ్‌స్టే కుర్రాడు చెప్పాడు. సాయంత్రం తండ్రి బీరు తాగాడు. చేతికి గాయం ఉంది. "మీరే ఆలోచించండి సార్" అన్నాడు.

అతన్ని తప్పుపట్టను. బయటినుంచి చూసేవాడికి ఆ నాలుగూ కలిపితే ఒక కథ తయారవుతుంది. పైగా ఆ నాలుగూ నిజాలే.

ఆసుపత్రికి ప్రాణం లేకుండా వచ్చిన కేసు కాబట్టి వాళ్లు వెంటనే పోలీసులకు తెలియపరిచారు. రాత్రే పోస్టుమార్టం చేసి ఇచ్చేయమని అక్క బతిమాలిందట. చెయ్యరు. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో చీకటి పడ్డాక కూడా చేయొచ్చని కేంద్రం 2021 నవంబరులో అనుమతి ఇచ్చింది గానీ, హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాలకు మామూలుగా అది వర్తించదు. ఆ సంగతి తెలియక మా వాళ్లు రాత్రంతా డాక్టరు కావాలనే జాప్యం చేస్తున్నాడనుకున్నారు.

ఎస్సై గారు మర్యాదగానే మాట్లాడారు. తండ్రి చేత ఫిర్యాదు రాయించడం బాగోదని, మేనమామను కాబట్టి నన్ను రాయమన్నారు. తర్వాత నేరుగా అడిగారు: "మీ బావ మీద మీకేమన్నా అనుమానం ఉందా?" లేదన్నాను. "అయితే రాసేయండి" అని స్టేషన్ రైటర్‌కు అప్పగించారు. అతను ఇలాంటివి ఎన్ని రాయించాడో, గడగడా చెప్పుకుపోయాడు. ఆఖరి వాక్యం: "మాకు ఎవరి మీదా ఎటువంటి అనుమానం లేదు."

అక్కడ ఆగాను. ఆ వాక్యం ఎందుకు ఉంటుందో నాకు తెలుసు. అది ఉంటే పని త్వరగా అవుతుంది, ఇంటివాళ్లకూ కావాల్సింది అదే. ప్రమాదమో ఆత్మహత్యో అన్నట్టు ఒక నివేదిక సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు వెళుతుంది, ఫైలు మూతపడుతుంది. కానీ పిల్ల ఎలా పోయిందో నాకు తెలియనప్పుడు ఎవరి మీదా అనుమానం లేదని ఎలా రాసేది? దారిలో రాజమండ్రి నుంచి మా డాక్టరు ఫ్రెండ్ ఫోన్‌లో ఒకే మాట పదేపదే అడిగాడు: "బాత్రూంలో గీజర్ కరెంటుదా, గ్యాసుదా?" గ్యాసుదే. సిలిండర్ కూడా లోపలే ఉంది.

నేను ఇలా రాశాను: మరణానికి కారణం మాకు తెలియదు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. గ్యాస్ గీజర్ వెలుగుతూ ఉంది. కారణం తేల్చి, బాధ్యులు ఎవరైతే వారి మీద చర్య తీసుకోవాలి.

బావ అది చదివాడు. "ఎవరైతే అంటే, నన్ను కూడానా?" అన్నాడు. "కాగితంలో అంతే రాయాలి బావా" అన్నాను. ఆ తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు. మా అమ్మ కూడా నన్నే తిట్టింది, అక్క కాపురంలో నిప్పులు పోస్తున్నావని. ఇప్పటికీ నేను రాసింది సరైనదేనని నా నమ్మకం. ఆ రాత్రి బావను కాపాడాలని అనుమానం లేదని రాసి ఉంటే, జీవితాంతం ఆయన మీద అనుమానం ఊళ్లో మిగిలిపోయేది.

భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 194 కింద, అంటే పాత సీఆర్‌పీసీ 174 కింద, అసహజ మరణంగా ఎఫ్ఐఆర్ అయింది. దాని కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. తర్వాత పంచుల సమక్షంలో, అంటే సాక్షుల ముందు, శవ పంచనామా. అక్కడ నిలబడటం కష్టం, కానీ ఇంటివాళ్లు ఒకరు ఉండాలి. నుదుటి దెబ్బ ఎంత పొడవు, ఏ వైపు అని రాస్తుంటే కింద పడ్డప్పుడు కుళాయి తగిలి ఉండొచ్చని చెప్పాను, కుళాయి ఎంత ఎత్తులో ఉందో కొలిపించమన్నాను. అక్క మాత్రం ఒకటే మాట: "బుగ్గలు ఎర్రగా ఉన్నాయిరా, బతికే ఉందేమో మళ్లీ చూడమను."

ఆ మాట డాక్టరు గారి చెవిన వేయడమే ఆరోజు నేను చేసిన ముఖ్యమైన పని. మామూలుగా చనిపోయినవాళ్ల ఒంట్లో రక్తం కిందివైపు చేరి నీలంగా, ఊదాగా కనిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయినవాళ్లలో అదే చెర్రీ పండు ఎరుపులో ఉంటుంది. గ్యాస్ సరిగ్గా మండక, గాలి ఆడకపోతే పుట్టే వాయువు అది. వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తల తిరిగి, కాళ్లలో సత్తువ పోయి, గడియ తీసే లోపే మనిషి పడిపోతాడు.

మామూలు విషాల కోసం కడుపు, కాలేయం, కిడ్నీ ముక్కలు ఉప్పునీటిలో వేసి ల్యాబ్‌కు పంపుతారు. ఇక్కడ కావాల్సింది రక్తం. ఏ పరీక్ష చేయాలో పంపే లేఖలో అడగాలి. కార్బాక్సీ హిమోగ్లోబిన్, అంటే ఆ వాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్, ఎంతుందో చూడమని రాయించండి సార్ అని ఎస్సై గారిని అడిగాను. డాక్టరు గారు కూడా అదే చెప్పడంతో రాశారు. పోస్టుమార్టం రిపోర్టులో కారణం దగ్గర "ల్యాబ్ నివేదిక వచ్చాక" అని మాత్రమే ఉంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

ఇక హోమ్‌స్టే. ఆసుపత్రి దగ్గర పని నడుస్తుండగా అక్కడ గీజర్ విప్పేస్తున్నారని డ్రైవర్ పరుగున వచ్చి చెప్పాడు. ఓనర్ మనిషి స్పానర్‌తో గోడ దగ్గర ఉన్నాడు. "వేరే గెస్టులు వస్తున్నారు సార్, భయపడతారని" అన్నాడు. కానిస్టేబుల్‌ను రప్పించి ఆపించాను. అప్పుడే బాత్రూం పైకి చూశాను. వెంటిలేటర్‌కు లోపలివైపు నుంచి అట్టముక్క పెట్టి నాలుగు పక్కలా గోధుమరంగు ప్లాస్టర్ అంటించారు. చలిగాలి రాకుండా. ప్లాస్టర్ అంచులు ముడుచుకుపోయి, వాటికి దుమ్ము నల్లగా పట్టేసింది. అట్ట మీద సాలెగూడు, దాంట్లో ఎండిపోయిన రెక్కల పురుగులు. దగ్గరగా ఫొటోలు తీశాను, దూరం నుంచి వీడియో తీశాను. స్థల పంచనామాలో ఆ అట్ట సంగతి రాయించాను.

శవాన్ని ఖమ్మం తీసుకెళ్లడానికి పోస్టుమార్టం అయినట్టు, అప్పగించినట్టు పోలీసుల కాగితం ఉంటే అంబులెన్స్‌కు చాలింది. మరణ ధ్రువపత్రం మాత్రం ఖమ్మంలో ఇవ్వరు. ఎక్కడ చనిపోతే అక్కడే నమోదు. 21 రోజుల్లోపు అయితే తేలిక. దినకర్మలు కాగానే మళ్లీ నేనే కొండెక్కాను.

వాంగ్మూలం కోసం అక్కను స్టేషన్‌కు రమ్మని కబురొచ్చింది. ఆడవాళ్లను సాక్షిగా విచారించాలంటే వాళ్లు ఉండే చోటికే రావాలని అదే నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 179లో ఉంది. అదే ఫోన్‌లో చెప్పాను. మహిళా కానిస్టేబుల్‌తో కలిసి ఖమ్మం వచ్చి రాసుకున్నారు, వాదించలేదు.

పోలీసుల కంటే చుట్టాలతోనే ఎక్కువ వేగాల్సి వచ్చింది. పెద్దకర్మ భోజనాల్లోనే మొదలైంది. ఆడపిల్లను ఒంటరిగా ఎలా వదిలారు, తాగి కూర్చుంటే ఇంతే కదా, అసలు ఏదో లవ్ మ్యాటర్ అట. పదిహేనేళ్ల పిల్ల స్నానానికి వెళితే ఏ తల్లి వెంట వెళుతుంది? ఒకాయన మరీ ముందుకెళ్లి తల్లిదండ్రుల మీద కూడా కేసు పెట్టొచ్చన్నాడు. ఆ మాట బావ మనసులో గుచ్చుకుంది, రాత్రుళ్లు నిద్ర పోయేవాడు కాదని అక్క చెప్పింది. నేను ఒక లాయరును కలిశాను. పిల్లల సంరక్షణ చూసేవాళ్లు బాధ్యత వదిలేస్తే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 ఉంది, మూడేళ్ల దాకా శిక్ష. కానీ అది హింసించడం, వదిలేయడం, కావాలని పట్టించుకోకపోవడం లాంటి వాటికి. అద్దె గదిలో గీజర్ ఎలా బిగించారో తెలియకపోవడం దాని కిందికి రాదన్నాడు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిది మంది రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ వల్ల పోయారు, నలుగురు పిల్లలు. వాళ్ల తల్లిదండ్రులు పక్కనే ఉన్నారు, పిల్లలతోపాటే పోయారు. కాపలా ఉంటే ఆగే చావు కాదది.

బీరు సంగతి దాచమని బావకు ఎవరో సలహా ఇచ్చారు. దాచొద్దన్నాను, నా మాటగా అక్క చేత చెప్పించాను. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు.

ల్యాబ్ రిపోర్టు కోసం నెలలు ఎదురుచూశాం. స్టేషన్‌కు ఫోన్ చేస్తే "ఇంకా రాలేదండి" అనేవాళ్లు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలపాలని ఆ సంహితలోని సెక్షన్ 193 చెబుతోందని రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. దానికి జవాబుగా రిపోర్టు రాలేదు గానీ, ఫైలు నంబరు, ల్యాబ్‌కు పంపిన తేదీ వచ్చాయి. అవి చేతిలో ఉంటే అడగడానికి ఒక ఆధారం.

చివరికి వచ్చింది. రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ ప్రాణం తీసే స్థాయిలో ఉంది. మద్యం లేదు, విషం లేదు. పోలీసులు సెక్షన్ మారుస్తూ కోర్టుకు మెమో వేశారు, 194 పోయి భారతీయ న్యాయ సంహిత 106 వచ్చింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం, ఐదేళ్ల దాకా శిక్ష. పాత ఐపీసీ 304ఏలో రెండేళ్లే ఉండేది. ఓనర్ నిందితుడు. ఆరోజు సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "రిపోర్టు కాపీ నాకొకటి పంపు" అన్నాడు. అంతే మాట్లాడాడు.

ఇప్పుడు చార్జిషీటు పడింది. సాక్షుల్లో మొదటి పేరు నాది, రెండోది బావది. ఓనర్ తరఫు లాయరు వాదన ఏమిటంటే, చలికి తట్టుకోలేక వెంటిలేటర్‌కు అట్ట పెట్టింది తల్లిదండ్రులేనట. అప్పుడే దిగినవాళ్లు పెట్టిన అట్టకు అన్ని నెలల సాలెగూడు ఎక్కడిది? ఫొటోలు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం, అంటే సాక్ష్యాల చట్టం, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తు, రాయాలి. వాట్సాప్‌లో పంపితే ఫైలు మారిపోతుంది. అందుకే ఆ పాత ఫోన్ అమ్మలేదు, రీసెట్ చేయలేదు, బీరువాలో పెట్టాను. వచ్చే వాయిదాకు అడిగితే తీసుకెళ్లి ఇవ్వాలి.