అమెరికాలో టీనేజ్ పిల్లల కారు ఇన్సూరెన్స్: ఏది తగ్గించుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు

పిల్లలకి పదహారేళ్లు నిండి లైసెన్స్ చేతికొచ్చిందంటే చాలు, కారు ఇన్సూరెన్స్ బిల్లు ఒక్కసారిగా ఎగబాకుతుంది. కంపెనీల లెక్కకి కారణం లేకపోలేదు. నడిపిన మైళ్ల ప్రకారం చూస్తే 16 నుంచి 19 ఏళ్లవాళ్ల ప్రాణాంతక ప్రమాదాల రేటు, ఇరవై దాటినవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు. వయసు మన చేతిలో లేదు. పిల్లలు ఏ పాలసీలో ఉంటారు, ఏ కారు వాళ్ల లెక్కలో పడుతుంది, కంపెనీకి ఏ కాగితాలు పంపాం అన్నవి మన చేతిలోవే. బిల్లు చూసిన కంగారులో చాలామంది వీటిని వదిలేసి లయబిలిటీ, అంటే మన వల్ల అవతలివాళ్లకి జరిగే నష్టానికి కట్టే కవరేజ్, తగ్గిస్తారు. ముట్టుకోకూడనిది అదే.

పాలసీ మీద 30/60/15 అని ఉంటే, గాయపడ్డ ఒక్కో మనిషికి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో అందరి గాయాలకీ కలిపి 60 వేలు, అవతలివాళ్ల ఆస్తి నష్టానికి 15 వేలు అని అర్థం. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టం అడిగే కనీసం ఇదే. అంతకుముందు 15/30/5 ఉండేది. ఇప్పుడు మీ అబ్బాయి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న 48 వేల డాలర్ల కారుని గుద్దితే అది టోటల్ అయింది, అంటే బాగుచేయించడం గిట్టుబాటు కానంతగా పాడయింది అనుకోండి. మీ కంపెనీ 15 వేలు కట్టి చేతులు దులుపుకుంటుంది. మిగతా 33 వేల కోసం ఆ కారు ఓనరో, వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీయో మీ వెంట పడతారు. పైగా పద్దెనిమిది నిండని పిల్లల లైసెన్స్ దరఖాస్తు మీద సంతకం పెట్టిన తల్లిదండ్రుల మీద కూడా కాలిఫోర్నియా చట్టం బాధ్యత పెడుతుంది. కనీసం 100/300/100 ఉంచండి. ఇల్లు, సేవింగ్స్ ఉంటే 250/500కి వెళ్లి, పైన పది లక్షల డాలర్ల అంబ్రెల్లా (ఈ లిమిట్లు దాటిన నష్టానికి కట్టే అదనపు పాలసీ) తీసుకోవడం నయం. రెండు లిమిట్లకీ కోట్ (కంపెనీ చెప్పే ప్రీమియం) పక్కపక్కన పెట్టించుకుని చూడండి, తేడా చాలాసార్లు భయపడినంత ఉండదు. అంబ్రెల్లా కంపెనీకి కూడా పిల్లల పేరు చెప్పడం మర్చిపోవద్దు.

పిల్లలకి విడిగా పాలసీ తీసుకుంటే మన ప్రీమియం పెరగదు కదా అనే ఆలోచన దాదాపు ఎప్పుడూ నష్టమే. రెండు మూడు కార్లు, ఇల్లు కలిపి ఒకే చోట ఉన్నందుకు వచ్చే తగ్గింపులు విడి పాలసీకి రావు. క్రెడిట్ హిస్టరీ చూసి రేటు కట్టడాన్ని కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయి ఒప్పుకోవు. చాలా రాష్ట్రాల్లో మాత్రం చూస్తారు, పిల్లలకి ఆ హిస్టరీయే ఉండదు. అందుకే కారు టైటిల్ (యాజమాన్య పత్రం) కూడా పిల్లల పేరు మీద పెట్టకండి. పెడితే ఆ కారుని మీ పాలసీలో ఉంచడానికి కొన్ని కంపెనీలు ఒప్పుకోవు.

అసలు డబ్బు మిగిలేది కారు కేటాయింపులో. చాలా కంపెనీలు ఒక్కో డ్రైవర్‌ని ఒక్కో కారుకి ముడిపెట్టి రేటు కడతాయి. ఇంట్లో ముగ్గురు డ్రైవర్లు (మీరిద్దరూ, మీ అమ్మాయీ), రెండు కార్లు ఉన్నాయనుకోండి: ఒకటి కొత్త ఎస్‌యూవీ, రెండోది పదేళ్ల సెడాన్. ఒక కంపెనీ అమ్మాయిని ఆమె నడిపే సెడాన్‌కే కడుతుంది. ఇంకొకటి ఎక్కువ రిస్కున్న డ్రైవర్‌ని ఎక్కువ ఖరీదున్న కారుకి తనంతట తనే కట్టేస్తుంది. మరొకటి అందరి రేట్లూ కలిపి సగటు తీస్తుంది. ఒకే కుటుంబానికి కోట్‌లు అంత తేడాగా రావడానికి ఇదొక కారణం. కోట్ అడిగినప్పుడే 'మా అమ్మాయిని ఏ కారుకి అసైన్ చేశారు?' అని సూటిగా అడగండి. పాలసీ వచ్చాక డిక్లరేషన్స్ పేజీలో (పాలసీ ముఖ్య వివరాలు ఉండే పేజీ) సరిచూసుకోండి. అయితే రోజూ స్కూలుకి తనే తీసుకెళ్లే కారుకి 'అప్పుడప్పుడు నడుపుతుంది' అని రాయించకండి. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ విచారించేది సరిగ్గా అదే. పిల్లలకి లైసెన్స్ వచ్చిన సంగతి అసలు చెప్పకుండా దాచడం ఇంకా అన్యాయం. రికార్డుల్లో ఎలాగూ బయటపడుతుంది. అప్పుడు పాత బాకీ వేస్తారు, లేదా పాలసీయే రద్దు చేస్తారు.

పిల్లల కోసం కొనే కారు పాతదైనా మరీ చిన్నది, మరీ స్పీడుది కాకూడదు. కార్ల భద్రతని పరీక్షించే ఐఐహెచ్ఎస్, వస్తువుల్ని పరీక్షించి రేటింగ్ ఇచ్చే కన్స్యూమర్ రిపోర్ట్స్ కలిసి టీనేజ్ డ్రైవర్లకి సరిపోయే వాడిన కార్ల జాబితా ఇస్తాయి, ముందు అది చూడండి. కొనేముందే విన్ నంబర్‌తో (ఒక్కో కారుకి ఉండే గుర్తింపు నంబర్) కోట్ తీసుకోండి, కొన్నాక కాదు. లోన్ లేని పాత కారైతే కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మన కారు నష్టానికి కట్టేది) గురించి ఒక మోటు లెక్క ఉంది: కొలిజన్, కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ల లాంటి నష్టాలకి కట్టేది) కలిపి ఏడాదికి కట్టేది కారు విలువలో పదో వంతు దాటితే తీసేయొచ్చు. 5 వేల డాలర్ల కారుకి ఏటా 900 కడుతూ, వెయ్యి డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి పోయే భాగం) పెట్టుకుంటే కారు టోటలైనా చేతికి వచ్చేది 4 వేలే. లోన్ ఉంటే బ్యాంకు తీయనివ్వదు. అప్పుడు డిడక్టిబుల్‌ని 500 నుంచి వెయ్యికి పెంచడమే దారి. ఆ వెయ్యి విడిగా పక్కన ఉండాలి సుమా.

డిస్కౌంట్లలో గుడ్ స్టూడెంట్ మన ఇళ్లలో సులభంగా వచ్చేది: బి యావరేజ్, అంటే 3.0 జీపీఏ, చాలా కంపెనీల్లో పాతికేళ్లు వచ్చేదాకా. మార్కుల కంటే కాగితం దగ్గరే ఇది ఎక్కువగా పోతుంది. రెన్యూవల్‌కి కొత్త ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్లకపోతే చడీచప్పుడు లేకుండా తీసేస్తారు. సెమిస్టర్ అయిన వారంలోనే అప్‌లోడ్ చేసేయండి. డ్రైవర్ ఎడ్ (డ్రైవింగ్ శిక్షణ) సర్టిఫికెట్‌కి కొన్నిచోట్ల తగ్గింపు ఉంది, స్టేట్ ఫార్మ్‌లో స్టీర్ క్లియర్ లాంటి కోర్సులూ ఉన్నాయి.

ఫోన్ యాప్‌తో డ్రైవింగ్ కొలిచే ప్లాన్లు రెండంచుల కత్తి. గట్టిగా బ్రేకు వేయడం, రాత్రి పొద్దుపోయాక తిరగడం, నడుపుతూ ఫోన్ ముట్టుకోవడం, అన్నీ రాసుకుంటాయి. ప్రోగ్రెసివ్ కంపెనీ ఇచ్చే ఇలాంటి ప్లాన్ స్నాప్‌షాట్‌లో స్కోరు బాగోలేకపోతే చాలా రాష్ట్రాల్లో రేటు పెరుగుతుంది కూడా. తగ్గించడమేనా, పెంచడం కూడా ఉందా అని చేరేముందే అడగండి. కొత్తగా నేర్చుకునే పిల్లలకి మొదటి నెలల్లో హార్డ్ బ్రేకింగ్ తప్పదు, కాబట్టి చెయ్యి కుదురుకున్నాక చేరడం మేలు.

లెర్నర్ పర్మిట్ వచ్చిన రోజే ఏజెంట్‌కి చెప్పండి. చాలా కంపెనీలు పర్మిట్ దశలో ఏమీ పెంచవు, లైసెన్స్ వచ్చాకే లెక్క కడతాయి. మూడు నాలుగు కోట్‌లు, ఒకే లిమిట్లు, ఒకే డిడక్టిబుల్‌తో తీసుకోండి. లేకపోతే పోల్చడానికే కుదరదు. కాలిఫోర్నియాలో గుడ్ డ్రైవర్‌కి చట్టం ఇచ్చే కనీసం 20 శాతం తగ్గింపుకి మూడేళ్ల లైసెన్స్ ఉండాలి, కాబట్టి అక్కడ పంతొమ్మిదో ఏట మళ్లీ కోట్‌లు తీయడం తప్పనిసరి. పిల్లలు కారు లేకుండా నూరు మైళ్లకి మించి దూరంలో ఉన్న కాలేజీకి వెళితే డిస్టెంట్ స్టూడెంట్ తగ్గింపు అడగండి. అంతేకానీ పాలసీలోంచి పేరు తీయించకండి, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు తాళాలు అడుగుతారు. మరొకటి, ఫుడ్ డెలివరీ పార్ట్‌టైమ్ మొదలుపెడితే మామూలు పాలసీ ఆ ట్రిప్పులకి వర్తించదు. దానికి విడిగా ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చే అదనపు కవరేజ్) తీసుకున్నాకే తాళాలివ్వండి.