జ్వాలాపురంలో టోబా బూడిద

గుంటూరు నుంచి బనగానపల్లె వైపు వెళ్లేవాళ్లు యాగంటికో బెలుం గుహలకో వెళ్తారు, ఎండాకాలమైతే వచ్చేటప్పుడు మామిడిపళ్లు తెచ్చుకుంటారు. మేము వెళ్లింది బూడిద చూడటానికి. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద సముద్రం దాటి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా వచ్చి మన రాయలసీమ పొలాల మీద రాలింది, ఇప్పటికీ అక్కడ నేలలో పొరగా ఉంది. నేను గుంటూరులో స్కూల్లో సోషల్ చెబుతాను. అగ్నిపర్వతాల పాఠం వచ్చినప్పుడల్లా ఇటలీ, జపాన్, హవాయి అంటూ అట్లాస్‌లో వేలు పెట్టి చూపిస్తుంటాం కదా, మన రాష్ట్రంలోనే చేత్తో ముట్టుకోగలిగేది ఒకటి ఉందని మా అన్నయ్య చెప్పిన దగ్గర్నుంచి నాకు అక్కడికి వెళ్లాలని ఒకటే ఆరాటం. అన్నయ్య విజయవాడలో ఒక కాలేజీలో జియాలజీ చెబుతాడు.

ఇంకా చీకటి ఉండగానే కారులో బయల్దేరాం. మా ఆయన డ్రైవింగ్, అన్నయ్య ముందు సీట్లో, నేనూ మా అమ్మాయీ వెనక. గుంటూరు నుంచి అనంతపురం వెళ్లే హైవే పట్టుకుంటే నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల వైపు దిగుతాం, అదే రోడ్డు బనగానపల్లె మీదుగా పోతుంది. వినుకొండలో టిఫిన్ చేశాం, కంభం చెరువు దగ్గర కాసేపు ఆగాం, నల్లమల ఘాట్‌లో కిటికీలు దించుకుని కూర్చున్నాం. దారి గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు, బాగుంది.

దారిలో మాటలు మాత్రం చెప్పాలి. మా అత్తగారి వాళ్లది ప్రత్తిపాడు వైపు మిరప, పత్తి సాగు. నేల రంగు మారితే చాలు మా ఆయన చూపు రోడ్డు పక్కకి పోతుంది. "బావగారూ, మన నల్లరేగడి కూడా అగ్నిపర్వతం నుంచి వచ్చిందేనంటారు, నిజమేనా?" అని అడిగారు. అన్నయ్య సగం నిజం అన్నాడు. కృష్ణ పుట్టే మహాబలేశ్వర్ కొండలన్నీ 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి ఏర్పడినవే. దాన్నే దక్కన్ ట్రాప్స్ అంటారు, ఇప్పటికి మిగిలి ఉన్నదే 5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ రాయి అరిగి వచ్చిన మట్టిని కృష్ణ మోసుకొచ్చి డెల్టాలో పోసింది. అలాగని గుంటూరు నల్లమట్టి అంతా అదే అనుకోకూడదు, ఇక్కడి రాళ్లు అరిగి తయారైన నల్లమట్టి కూడా ఉంది. "కానీ మనం చూడబోయేది అలా నది మోసుకొచ్చిన మట్టి కాదు, గాల్లో వచ్చి పడింది" అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. పిడుగురాళ్లలో సున్నం బట్టీల్లో కాల్చే రాయీ, మన ఇళ్లలో పరుచుకునే బేతంచెర్ల బండలూ ఒకే రకం సున్నపురాయి, జియాలజీలో దాన్ని నార్జి సున్నపురాయి అంటారట. అంటే పల్నాడులో కనిపించే రాయే నల్లమల అవతల మళ్లీ పలకరిస్తుంది.

బనగానపల్లె దగ్గర జుర్రేరు అనే చిన్న ఏరు ఉంది. దాని లోయలోనే జ్వాలాపురం ఊరు. చుట్టూ పైన చదునుగా ఉన్న కొండలు, వాటి అంచుల్లో రాతి చరియలు, మధ్యలో పొలాలు. చూడగానే ఇక్కడేదో ప్రపంచస్థాయి ప్రదేశం ఉందని ఎవరికీ అనిపించదు. మేము కారు ఆపి దారి అడిగితే పొలం గట్టు మీద ఉన్న ఒక పెద్దాయన, "ఆ తెల్లమన్ను సూడనీకి వచ్చినారా? గుంటూరు నుంచా?" అని ఆశ్చర్యపోయి, చెప్పులు వేసుకుని మాతోపాటే వచ్చాడు. "ఇది చేనే మేడం. తవ్వి తవ్వి ఇట్ల గుంతలైనాయి" అన్నాడు.

గుంటలోకి దిగాక నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఎదురుగా మట్టి గోడ. అడుగున గోధుమరంగు బంకమన్ను, దాని మీద ఉన్నట్టుండి తెల్లగా, కొంచెం బూడిదరంగు కలిసిన పొర, ఆ పైన మళ్లీ ఎర్రటి మట్టి. బంకమన్నుకీ తెల్లపొరకీ మధ్య గీత ఎంత స్పష్టంగా ఉందంటే మా అమ్మాయి దాని మీద వేలు పెట్టి గోడ పొడవునా నడిచింది. ఆ గీతకి కింద ఉన్నది మామూలు రోజులు, పైన ఉన్నది టోబా పేలిన తర్వాత. బూడిద పొర కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల దాకా ఉంటుంది, అంటే మా ఆయన చెయ్యెత్తినా పై అంచు అందలేదు. చేతిలోకి తీసుకుంటే మెత్తగా ముగ్గుపిండిలా జారిపోయింది, కానీ వేళ్ల మధ్య నలిపితే సన్నగా గీసుకుంటుంది. ఎందుకంటే అది కాలిన బూడిద కాదు, గాజు. భూమి లోపల కరిగిన రాయిలో గ్యాస్ బుడగలు ఉంటాయి, పైకి వచ్చేసరికి ఒత్తిడి తగ్గి అవి ఒక్కసారిగా ఉబ్బి పగిలిపోతే, బుడగల గోడలే ముక్కలై గాల్లోకి లేస్తాయి. అన్నయ్య తెచ్చిన భూతద్దంలో ఎండకి మెరుపులు మాత్రమే కనిపించాయి, ముక్కల ఆకారం తెలియాలంటే మైక్రోస్కోప్ కావాలి.

మరి అంత దూరం నుంచి వచ్చిన బూడిద రెండున్నర మీటర్లు ఎలా పడింది? పడలేదు. ఆకాశం నుంచి నేరుగా రాలినది అడుగున ఉన్న కొన్ని సెంటీమీటర్లే. మిగతాదంతా చుట్టూ కొండల మీద, వాలుల మీద పడి, వానలకి కొట్టుకొచ్చి లోయలో పల్లంలో చేరింది. ఈ విషయం నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టుకుంది. అగ్నిపర్వతం పేలడం కొద్దిరోజుల పని, దాని తర్వాత నేల సర్దుకోవడం ఏళ్ల తరబడి సాగే పని. వాగులు పూడుకుపోతాయి, నీళ్లు కొత్త దారి వెతుక్కుంటాయి, నీటి మడుగులు మట్టితో కాకుండా గాజుపొడితో నిండుతాయి, గడ్డి ఊపిరాడక చచ్చి మళ్లీ ఎక్కడో మొలుస్తుంది. ఆ గోడలో బూడిద అంతా ఒకే ముద్దగా లేదు, సన్నటి పొరలు పొరలుగా ఉంది.

అక్కడ నిలబడి మా ఆయన అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను. "ఇదే ఐదు సెంటీమీటర్లు మన గుంటూరు మీద పడితే?" అన్నారు. వచ్చేటప్పుడు దారంతా దాని గురించే మాట్లాడుకున్నాం. పొడిగా ఉంటే ఊడ్చుకోవచ్చు, కానీ ఒక్క వాన పడితే అది ప్రతి చదరపు మీటరు మీద 75 నుంచి 100 కిలోల బరువు అవుతుంది. పాత రేకుల షెడ్లకి, పూరిళ్ల కప్పులకి అది చిన్న బరువు కాదు. మిరప చేలో ఆకు మీద పేరుకుంటే మొక్కకి ఎండ తగలదు, కాయ కోతకి పనికిరాదు, యార్డులో ఆరబోసిన సరుకు సంగతి చెప్పనే అక్కర్లేదు. పశువులు ఆ గడ్డి మేస్తే పళ్లు అరిగిపోతాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, గుంటూరు కాలువ అన్నిట్లో ఒండ్రు బదులు ఇది చేరుతుంది, ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు తెల్లటి బురదవుతాయి, మంచినీళ్ల ఫిల్టర్లు పనిచేయవు. తర్వాత తర్వాత, ఆ గాజు నీళ్లతో కలిసి మెల్లగా మారి మట్టి అయ్యాక, నేలకి బలం వస్తుంది. జావా దీవిలో అంత వరి పండుతుందంటే అగ్నిపర్వతాల మట్టి ఒక కారణం. కానీ ఆ మంచి రోజులు వచ్చేది ఎప్పుడో, ముందు ఈ ఏడాది పంట పోయిన రైతు బతకాలి కదా.

ఇది ఇంత దూరంలో ఉన్న మన సంగతి. టోబా పక్కన ఏం జరిగిందో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ బూడిద రాలడం కాదు, వందల డిగ్రీల వేడితో బూడిదా గ్యాసూ రాళ్లూ కలిసిన మేఘం నేల మీద పాకుతూ పోయి కనీసం 20 వేల చదరపు కిలోమీటర్లు కప్పేసింది. పాత కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ కలిపితే ఎంతో సుమారు అంత. కొన్నిచోట్ల దాని మందం వందల మీటర్లు. లోపలున్నదంతా బయటికి వచ్చేసరికి పైన ఉన్న నేల కుంగిపోయి 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి పడింది. ఇప్పుడది టోబా సరస్సు, బాగా లోతున్న చోట 500 మీటర్లు. తర్వాత కిందనుంచి మళ్లీ కరిగిన రాయి పైకి నెట్టడంతో సరస్సు అడుగే లేచి సమోసిర్ అనే దీవి అయింది, దాని మీద ఇప్పుడు ఊళ్లున్నాయి. బయటికి వచ్చిన రాయి కనీసం 2,800 ఘన కిలోమీటర్లు అని ఒక లెక్క. అన్నయ్య ఫోన్‌లో లెక్కేసి చూపించాడు, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద సమానంగా పరిస్తే 17 మీటర్ల మందం వస్తుంది.

ఇంత పెద్దది జరిగితే మనుషులు ఏమయ్యారు? ఒకప్పుడు కొందరు శాస్త్రవేత్తలు మనుషులు దాదాపు అంతరించిపోయే దాకా వచ్చి, కొన్ని వేలమందే మిగిలారని అనుకున్నారు. గంధకం పైపైకి వెళ్లి ఎండని అడ్డుకుని, ఏళ్లపాటు చలి పట్టిందనీ, అడవులు తగ్గి గడ్డిభూములు పెరిగాయనీ వాదన. దానికి ఎదురు ప్రశ్న వేసింది ఈ జ్వాలాపురమే. పురావస్తు శాస్త్రవేత్త మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్, వాళ్ల బృందం ఇక్కడ తవ్వి 2007లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. బూడిద పొరకి కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి, రెండూ చాలా దగ్గర పోలికతో ఉన్నాయి. అంటే బూడిద పడ్డాక కూడా ఈ లోయలో అదే పద్ధతిలో రాయి చెక్కే మనుషులు ఉన్నారన్నమాట. ఆ మనుషులు మన జాతివాళ్లేనా, ఇంకో మానవజాతా అన్న దాని మీద ఇంకా వాదనలున్నాయి. అడవుల సంగతీ తేలలేదు. బంగాళాఖాతం అడుగు మట్టిలోని పుప్పొడి చూసినవాళ్లు అడవి తగ్గిందంటారు, ఆఫ్రికాలో మలావీ సరస్సు మట్టి చూసినవాళ్లు అక్కడ పెద్దగా చలి పెరిగిన గుర్తుల్లేవంటారు. మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలోనూ ఈ బూడిద ఉంది, అక్కడి ధాబా అనే చోట కూడా పేలుడుకి ముందూ తర్వాతా మనుషులు ఉన్నట్టే తేలింది. నాకు మాత్రం ఆ గోడ ముందు నిలబడ్డాక, మనుషులు పోలేదు, ఏదో రకంగా సర్దుకున్నారు అన్న మాటే నమ్మాలనిపించింది. ఆ లోయలోనే ఒక రాతి చరియ కింద 35 వేల ఏళ్ల నాటి నుంచి మనుషులు ఉన్న ఆనవాళ్లు, చిన్న చిన్న రాతి పనిముట్లు, పూసలు కూడా దొరికాయి. మనుషుల రాకపోకలు అక్కడ అంత పాతవి.

ఇక బాధ కలిగించే విషయం. ఆ గుంటలు పరిశోధన కోసం తవ్వినవి మాత్రమే కాదు. ఈ బూడిద సన్నగా గీసుకుంటుంది కాబట్టి శుభ్రం చేసే పౌడర్లలో కలపడానికి పనికొస్తుంది, దాన్ని తవ్వి అమ్మడం ఇక్కడ చాలాకాలంగా ఉంది. అసలు ఆ తవ్వకాల వల్లే పొర బయటపడి శాస్త్రవేత్తల కళ్లలో పడింది కూడా, కాబట్టి కూలికి తవ్వుకున్నవాళ్లని నేను తప్పుపట్టలేను. వాన సరిగ్గా పడని చోట చేను ఇవ్వని డబ్బు మట్టి ఇస్తే ఎవరు కాదంటారు? మాతో వచ్చిన పెద్దాయన కూడా అదే అన్నాడు, "పంట లేనప్పుడు ఏం జేస్తాం మేడం". కానీ కనీసం ఒక్క గోడైనా, నాలుగు సెంట్ల చోటైనా, కంచె వేసి, పైన రేకులు కప్పి, తెలుగులో ఒక బోర్డు పెట్టి మిగల్చాలి. ఆ రైతుకి ఆ చేను డబ్బు ఇచ్చే కొనాలి, ఊరికే లాక్కుంటే కుదరదు. యాగంటికి వచ్చే జనం దగ్గర్లోనే ఉన్నారు, స్కూలు పిల్లల బస్సులు బెలుం దాకా ఎలాగూ వస్తున్నాయి, మధ్యలో ఒక గంట ఆగితే చాలు. అన్నయ్య తన కాలేజీ పిల్లల్ని తీసుకురావాలని అక్కడే నిర్ణయించుకున్నాడు. నేను మా హెడ్‌మాస్టర్ గారిని అడిగాను, టెన్త్ పరీక్షలు అయ్యాక చూద్దాం అన్నారు, వదిలిపెట్టను.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. వానాకాలం వద్దు, గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, గోడలు జారతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అవన్నీ రైతుల పొలాలు, ముందు ఊళ్లో అడిగి వెళ్లండి, పైరు తొక్కొద్దు. గోడని గోకి సీసాల్లో నింపుకోవద్దు, రాతి ముక్క ఏది కనిపించినా తీయకుండా ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి, ఎక్కడ ఏ పొరలో ఉందో తెలియని పనిముట్టు ఎవరికీ పనికిరాదు. మాస్కు ఒకటి పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. గూగుల్ మ్యాప్స్‌లో ఊరి పేరు కొడితే ఊరి దాకా చేరతారు, అక్కడి నుంచి తెల్లమన్ను గుంతలు ఎక్కడ అని అడిగితే ఎవరో ఒకరు చూపిస్తారు.